గేటు దగ్గర నేనన్న మాట

పోయిన నెల కడపలో కొత్త టీచర్లకు శిక్షణ తరగతులు పెట్టారు. పిల్లల్లో పరీక్ష భయం పోగొట్టి ధైర్యం నింపడం ఎలాగో మాట్లాడమని నన్ను పిలిచారు. ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని కదా, ఏదో ఒకటి చెప్తుందిలే అనుకున్నారు. నేను స్టేజీ ఎక్కబోతుంటే నిర్వాహకుడు ఒకాయన చెవి దగ్గరికి వంగి, "మేడం, పది నిమిషాలే. కొంచెం పాజిటివ్‌గా చెప్పండి. ఓ ఐదు చిట్కాలు చెప్తే రాసుకుంటారు" అన్నాడు.

ఐదు చిట్కాలట! గట్టిగా ఊపిరి పీల్చుకో, నీళ్ళు తాగు, పెందరాళే పడుకో, దేవుణ్ణి తలుచుకో, నవ్వుతూ హాల్లోకి పో. నాకు ఒళ్ళు మండింది. కానీ అందరి ముందూ ఆయన మీద అరవలేక ఆ ఐదు చిట్కాలే చెప్పి దిగి వచ్చేశాను. చెప్పాల్సింది చెప్పలేదు. కర్నూలుకు తిరిగొచ్చాక రెండు రోజులు అన్నం సయించలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు చదివితే చాలు. చదివాక నా మీద కోపం వస్తే రానివ్వండి. నాకు నా మీద ఉన్నంత కోపం మీకు రాదు.

భయం మా చేతి పనే

భయం పిల్లల వెంట పుట్టి వచ్చే జబ్బు అనుకుంటారు అందరూ. కాదు. దాన్ని బడిలో మేమే తయారుచేస్తాం. ఆరో తరగతిలో చేరినప్పుడు గలగలా మాట్లాడే పిల్ల పదో తరగతికి వచ్చేసరికి పేపరు చూస్తే వణుకుతుంది. ఆ నాలుగేళ్ళలో ఆ పిల్లను తీర్చిదిద్దింది ఎవరు? మేమే కదా!

నా మొదటి పోస్టింగు ఆత్మకూరు దగ్గర. అక్కడి హెడ్మాస్టరు ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక స్లిప్ టెస్టు మార్కులు మైకులో చదివించేవాడు. పైనుంచి కాదు, కిందినుంచి. అందరికంటే తక్కువ వచ్చినవాడి పేరు ముందు. ఐదొందల మంది పిల్లలు నవ్వేవాళ్ళు. "సిగ్గుపడితేనే సదువుతారమ్మా" అనేవాడు ఆయన. అది బుద్ధి గల మాటే అనుకున్నాను నేను. కొత్తదాన్ని, పైగా లిస్టు చదివే పని నాదే. గొంతు బాగుందని నాకిచ్చారు.

మస్తాన్ అని ఒక పిల్లవాడు ఉండేవాడు. సోమవారం తెల్లారగానే కడుపు నొప్పి అనేవాడు. "నాటకాలు వేయకురా" అని చెవి మెలిపెట్టి లైన్లో నిలబెట్టాను ఒకరోజు. నేను వాడి పేరు చదువుతుండగానే వాడు నిక్కరు తడుపుకున్నాడు. మరుసటి రోజు నుంచి బడికి రాలేదు. వాళ్ళ నాయన వచ్చి టీసీ తీసుకుపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

అప్పటినుంచి లిస్టు చదవడం మానేశాను. మానేసి, నేనేదో మంచిదాన్ని అయిపోయాననుకున్నాను. అసలు తప్పు తర్వాత ఎప్పుడో చేశాను.

దీవెన

పత్తికొండ దగ్గర ఒక హైస్కూల్లో పనిచేస్తున్నప్పుడు పదో తరగతిలో దీవెన అనే అమ్మాయి ఉండేది. వాళ్ళమ్మ సుగుణమ్మ టమోటా మండీలో కాయలు ఏరే పనికి పోయేది. నాన్న, అన్న సంక్రాంతి దాటగానే మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోయేవాళ్ళు. మా వైపు సగం ఊర్లు అట్లనే ఖాళీ అవుతాయి. పరీక్షలు వచ్చేది కూడా అప్పుడే. ఏటా వాళ్ళతో పోయే సుగుణమ్మ, కూతురి పరీక్షల కోసం ఆ ఏడు ఆగింది. ఆ సంగతి మొదటే నాకు చెప్పింది.

"ఈ ఒక్క ఏడు నిలబడినా మేడం. పాసైతే నర్సు సదువుకు పంపిస్తాం. కాలేదంటే వచ్చే ఏడు మా ఎంబడే మిరపకాయలకు తోడ్కపోతాం. ఇంట్లో పెట్టుకోని ఏం చేస్తాం, చెప్పు?"

సుగుణమ్మ మాటలో కాఠిన్యం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. కూతురికి కూడా అట్లనే చెప్పింది.

దీవెనతో వచ్చిన చిక్కేమిటంటే, బోర్డు దగ్గరికి పిలిస్తే ఎంత లెక్కైనా చేసేది. అదే లెక్క తెల్ల కాగితం మీద పెట్టి, గంట కొట్టి, రాయమంటే చేతులు చెమటతో తడిసిపోయేవి. కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయేవి. క్వార్టర్లీలో లెక్కలకు పదకొండు మార్కులు వచ్చాయి. అప్పుడే ఆఫీసులో తయారైన 'డి' లిస్టులో పేరు ఎక్కింది. డి అంటే పాసు కానివాళ్ళు. చివరి బెంచీ వాళ్ళది. సాయంత్రం స్టడీ అవర్లో కూడా వాళ్ళకు వేరే గది.

నేను ఆ పిల్లను డి గదికి పంపలేదు. సాయంత్రం పూట ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పమని అప్పగించాను. మొదటి వారం గొంతు పైకి రాలేదు. మూడో వారానికి ఏడో తరగతి పిల్లలను గదమాయించడం మొదలుపెట్టింది. "ఏయ్, యాడ చూస్తాండావు? ఈడ చూడు!" అని అరుస్తుంటే వరండాలో నిలబడి నవ్వుకునేదాన్ని. ఆ తర్వాత మార్కులు వేయని పరీక్షలు పెట్టాను. తప్పుకు ఇంటూ పెట్టలేదు, ఒప్పుకు టిక్కు పెట్టాను, అంతే. ప్రీ ఫైనల్‌లో యాభై ఏడు వచ్చాయి. ఆ పేపరును ఆ పిల్ల ఎన్నిసార్లు విప్పి చూసుకుందో, మడతల దగ్గర చిరిగిపోయింది.

ఇంతవరకు నేను చేసింది మంచి పనే. ఇక్కడితో ఆపి శిక్షణ తరగతిలో చెప్తే చప్పట్లు కొడతారు.

వంద శాతం పిచ్చి

ఈ బడి హెడ్మాస్టరుకు ఆ ఏడు వంద శాతం పాసు కావాలి. మండలంలో ఇంకెవరికీ రాలేదు, మనకు రావాలి అని పట్టు. దుర్మార్గుడేం కాదు. పిల్లలకు సొంతంగా అరటిపళ్ళు తెచ్చి పెట్టేవాడు. కానీ పైనుంచి వారానికొక మీటింగు, మీటింగుకొక తిట్టు. ఆ తిట్లన్నీ మోసుకొచ్చి మా నెత్తిన పోసేవాడు. మేము పిల్లల నెత్తిన పోసేవాళ్ళం. చివరికి మునిగేది పిల్లలే.

పరీక్షలకు ముందు ఒక వక్తను పిలిపించాడు. ఆయన మైకు పట్టుకుని "మీరు సింహాలు! ఓటమిని చీల్చి పారేయండి!" అని గంటసేపు గర్జించాడు. ఆ మధ్యాహ్నం ముగ్గురు ఆడపిల్లలు గోడ పక్కన వాంతి చేసుకున్నారు. హాల్ టికెట్లు వచ్చాక వాటిని ఆంజనేయస్వామి గుడిలో పూజ చేయించాడు. మా బడిలో క్రైస్తవుల పిల్లలున్నారని పాస్టరుగారి చేత ప్రార్థన చేయించాడు. దర్గాకు కూడా పంపించాడు. దేవుళ్ళందరికీ హాల్ టికెట్లు చూపించాం కానీ, "నీకు ఏమేమి వచ్చమ్మా?" అని ఒక్క పిల్లనూ కూర్చోబెట్టి అడగలేదు.

ఇంకొక ఏర్పాటు కూడా ఉంది. దాని గురించి ఎవరూ రాయరు, అందరికీ తెలుసు. మా సార్లు పక్క ఊరి సెంటరుకు డ్యూటీకి పోతారు, వాళ్ళ సార్లు మా సెంటరుకు వస్తారు. మీ డి పిల్లలను మేం చూసుకుంటాం, మా డి పిల్లలను మీరు చూసుకోండి. చివరి అరగంటలో బిట్లకు జవాబులు, వీలైతే రెండు లెక్కలు. లిస్టు ముందే చేరుతుంది. దీన్ని మా స్టాఫ్‌రూములో కాపీ అనరు, 'పిల్లలకు ధైర్యం' అంటారు. థూ! ఎంత మంచి మాటకు ఎట్లాంటి గతి పట్టించాం!

ఆ లిస్టు క్వార్టర్లీ మార్కులను బట్టి తయారైంది. అందులో దీవెన పేరు అట్లనే ఉంది. "ఈ పిల్ల పేరు కొట్టేయండి సార్, ప్రీ ఫైనల్‌లో యాభై ఏడు" అనాలి నేను. నోటిదాకా వచ్చింది. ఉంటే ఏం పోయింది, అవసరం పడితే పనికొస్తుంది కదా అనుకుని ఊరుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తెలిసి తెలిసి అడుసులో కాలు పెట్టాను.

లెక్కల పరీక్ష రోజు సెంటరు గేటు దగ్గర దీవెన తెల్లగా పాలిపోయి వణుకుతూ నిలబడింది. అప్పటికే రెండుసార్లు వాంతి అయిందట. "మేడం, అన్నీ మర్చిపోయినా. ఒగటీ గుర్తుకొస్తా లేదు" అని నా చెయ్యి పట్టుకుంది. గంట కొట్టడానికి ఐదు నిమిషాలుంది. నా గుండె కరిగిపోయింది. దగ్గరికి తీసుకుని చెవిలో అన్నాను:

"భయపడొద్దు తల్లీ. రాకపోతే ఏం గాదు. చివర్లో సారు చెప్తాడులే."

ఆ మాటతో ఆ పిల్ల వణుకు టక్కున ఆగింది. కండ్లు తుడుచుకుని లోపలికి పోయింది. చూశారా, ఎంత బాగా భయం పోగొట్టానో అని నేను పొంగిపోయాను. పక్కనున్న టీచరుతో కూడా అన్నాను.

స్క్వాడ్

పరీక్ష మొదలైన అరగంటకు స్క్వాడ్ జీపు వచ్చింది. వాళ్ళలో ఒకాయన సరిగ్గా దీవెన ఉన్న గదిలోనే కుర్చీ వేసుకుని చివరిదాకా కూర్చున్నాడు. ఇన్విజిలేటరు తల ఎత్తలేదు.

బయటికి వచ్చిన దీవెన ఏడవలేదు. గేటు పక్కన మెట్టు మీద కూర్చుంది. నేను క్వశ్చన్ పేపరు లాక్కుని ఒక్కొక్కటే అడిగాను. ఇది ఎట్లా చేస్తావు? చెప్పింది. ఇది? చెప్పింది. రెండు తప్ప అన్నీ నోటితోనే చెప్పేసింది.

"మరి రాసినావా?"

"రెండు రాసినా మేడం."

"రెండేందే తిక్కదానా! ఇన్ని తెలిసి పెట్టుకోని ఎందుకు రాయలేదు?"

"సారు చెప్తాడని కూసున్యా. నేను రాసేది ఒగటి, సారు చెప్పేది ఇంగొగటి అయితే కొట్టేయాల గదా. సారు చెప్పినాకనే ఒకేసారి రాద్దామనుకున్యా. ఆయప్ప చెప్పలేదు. టైమైపోతాంది అన్యాక ఇంగ ఏమీ కనపడలేదు."

ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"నాకు వస్తాదని మీకు నమ్మకం ఉంటే, సారు చెప్తాడని యాలంటారు మేడం?"

ముప్పై మూడేళ్ళలో నన్ను ఎంతోమంది ఆఫీసర్లు ఇన్‌స్పెక్షన్ చేశారు. అంత సూటి ప్రశ్న ఒక్కరూ వేయలేదు. ఆరు నెలలు ఏడో తరగతి పిల్లల ముందు నిలబెట్టి, టిక్కులు పెట్టి, ఇంత ఇంతగా కట్టుకొచ్చినదాన్ని ఒక్క మాటతో నా చేత్తోనే కూలగొట్టాను. అదీ ప్రేమతో! కోపంతో కొట్టిన దెబ్బ పిల్లలకు తెలుస్తుంది, తిరిగి మనల్ని తిట్టుకుంటారు. జాలితో కొట్టిన దెబ్బను మాత్రం వాళ్ళు నిజమని నమ్ముతారు.

రిజల్ట్సులో లెక్కలకు పద్నాలుగు. పాసుకు ముప్పై ఐదు కావాలి. మిగతావన్నీ పాసు. మా హెడ్మాస్టరు ఆ ఒక్క పేరు మీద వేలు పెట్టి "ఈ పిల్ల వల్ల వంద పోయింది మేడం" అన్నాడు. ఆ పిల్ల వల్లనంట! నేను స్టాఫ్‌రూములో నుంచి లేచి బయటికి వచ్చేశాను. అక్కడే ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు.

మండీలో

సప్లిమెంటరీకి ఫీజు కట్టే గడువు నాలుగు రోజులుంది. దీవెన బడికి రాలేదు. మండీలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని కాయలు ఏరుతోందని తెలిసింది. పొద్దున్నే పోయాను. లారీలు, బాక్సులు, అరుపులు. సుగుణమ్మ నన్ను చూసి కూడా పని ఆపలేదు.

"ఏం మేడం, టమోటాలు కావల్నా?"

"దీవెనను సప్లిమెంటరీ రాయించాల సుగుణమ్మా."

"రాపిస్తే? మల్ల సారు చెప్తాడా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. దీవెన తల వంచుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అనిపించింది. అయినా పోయింది కదా అని వెనక్కి తిరగలేదు.

"ఆ మాట అనింది నేనే. తప్పు నాది. నీ బిడ్డకు లెక్కలు వస్తాయి. రానట్టు మాట్లాడింది నేను" అన్నాను అందరికీ వినపడేటట్టు.

సుగుణమ్మ అప్పుడు చెయ్యి ఆపింది.

"నాకు అచ్చరం ముక్క రాదు మేడం. ఏ కాయ నిలుస్తాదో, ఏది నిలవదో చూస్తానే చెప్తా. తప్పు ఏరితే మండీ ఆయప్ప ఊకుంటాడా? మీరు శానా సదువుకున్నోళ్ళు. నా బిడ్డను తీసి యాడ ఏస్తిరి? పారబోసే కాయల్లో ఏస్తిరి."

నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా టమోటా బాక్సుల మధ్య నిలబడి ఏడ్చాను. చివరికి ఒక్కటే అడిగాను, ఒక్క నెల ఇవ్వమని. పాసైతే పై చదువులో నేనే చేర్పిస్తానన్నాను.

"మీరు చేర్పించొద్దు" అంది సుగుణమ్మ. "పాసైతే మేమే చేర్పిచ్చుకుంటాం. నెల రోజులు తోడ్కపో."

ముఖం తిప్పుకోవడం

ఆ నెల రోజులు నేను కొత్తగా లెక్కలేమీ చెప్పలేదు. చెప్పాల్సింది లేదు. వేసవి సెలవుల్లో బడి వరండాలో ఇద్దరమే కూర్చునేవాళ్ళం. అప్పుడే ఒకటి కనిపెట్టాను. ఇన్నేళ్ళూ నా కంటికి ఆనలేదు. దీవెన ఒక లైను రాసి తలెత్తి నా ముఖం చూసేది. నా కనుబొమ్మ కదిలితే కొట్టేసేది, నేను తల ఊపితే ముందుకు పోయేది. పెన్ను పిల్లది, నడిపేది నా ముఖం. పరీక్ష హాల్లో నా ముఖం ఉండదు. అందుకని చేతులు చెమట పట్టేవి.

కుర్చీ అటు తిప్పి గోడ వైపు ముఖం పెట్టి కూర్చున్నాను.

"మేడం, ఇది రైటేనా?"

నేను పలకలేదు.

"మేడం! రొంత చూడండి మేడం."

పలకలేదు. మొదటి మూడు రోజులు ఆ పిల్ల ఏడ్చింది. వినపడుతూనే ఉంది. వెనక్కి తిరగకుండా ఉండటం నాకు ఎంత కష్టమైందో మీకు చెప్పలేను. మన టీచర్లకు సాయం చేయకుండా ఊరుకోవడం చేతకాదు. అదే మన రోగం. నాలుగో రోజు ఏడుపు ఆగి, సణుగుడు మొదలైంది. ఎక్కడ తప్పు పోయిందో తనే వెనక్కి పోయి వెతుక్కుంటోంది. పది రోజులకు సణుగుడు కూడా ఆగిపోయింది. కాగితం మీద పెన్ను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఇరవయ్యో రోజు నాకు నిద్ర ముంచుకొచ్చి కునుకు తీశాను. లేచేసరికి పేపరు మొత్తం రాసి, తనే దిద్దుకుని, మార్కులు కూడా వేసుకుని, నా కుర్చీ మీద పెట్టి ఇంటికి పోయింది.

మీకు చిట్కా కావాలంటే ఇదొక్కటే ఇస్తాను. పిల్ల మీ ముఖం చూసి రాస్తుంటే ముఖం తిప్పుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మీ మెత్తదనం మీకు సుఖం, వాళ్ళకు చేటు.

సప్లిమెంటరీకి ముందు రోజు హెడ్మాస్టరు ఫోను చేశాడు. "మేడం, సెంటర్లో మనకు తెలిసినాయనే ఉండాడు. దీవెన నంబరు చెప్పి పెట్టేదా?"

"చెప్పి పెట్టినారంటే నేను ఆ గదిలోకొచ్చి అరుస్తా సార్" అన్నాను. "ఆ పిల్లకు వచ్చు. మీ ధైర్యం ఎవురికీ అక్కర్లేదు. గమ్మునుండండి." నా సర్వీసులో ఒక హెడ్మాస్టరుతో అట్లా మాట్లాడింది అదే మొదటిసారి. ఆయన సరేనని పెట్టేశాడు. ఆ మాట ఫిబ్రవరిలో, లిస్టు పంపేటప్పుడే అనాల్సింది.

సాయంత్రం దీవెన హాల్ టికెట్టు తీసుకోవడానికి వచ్చింది. పొద్దున ఎన్ని గంటలకు గేటు దగ్గర ఉండాలో నేను చెప్తుంటే, నేల చూస్తూ అంది.

"మీరు గేటు కాడికి రావద్దు మేడం."

"యాలనే?"

"మీరొస్తే నాకు భయమైతాది."

పోలేదు. పొద్దుననుంచి ఇంట్లో కాలుకాలిన పిల్లి మాదిరి తిరిగాను. పరీక్ష అయ్యాక ఆ పిల్ల నా దగ్గరికి రాలేదు, పేపరు చూపించలేదు, ఎట్లా రాశానో చెప్పలేదు. నేరుగా మండీలో వాళ్ళమ్మ దగ్గరికి పోయిందట. నేనూ అడగలేదు.

రిజల్ట్సు రోజు సుగుణమ్మ ఫోను నుంచి కాల్ వచ్చింది. వెనక లారీల మోత. దీవెన గొంతు.

"మేడం, అరవై రెండు."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఎవురూ చెప్పలేదు మేడం. అన్నీ నేనే రాసినా."

"నాకు తెలుసు తల్లీ" అన్నాను.

ఆ మాట నేను మార్చి నెలలో, గేటు దగ్గర అనాల్సింది.